చేతిపని చేసిన ముత్తాతను ఏ కాగితంలో వెతకాలి?

మా అమ్మమ్మ అన్నగారు రామనగరంలో పుట్టారని ఇంట్లో అందరూ చెప్పేవారు. ఆ రామనగరం ఏ జిల్లాలో ఉందో మాత్రం ఎవరికీ తెలియదు. మా మామయ్య రెండు వేసవులు ఖర్చుపెట్టి కృష్ణా జిల్లా నుంచి నెల్లూరు దాకా ఆ పేరున్న ఊళ్లన్నీ ఆరా తీశారు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ రామనగరం చీరాల పక్కనే పాకలతో వెలిసిన ఊరు. చీరాల, పేరాలను మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లకు తాళాలు వేసి ఊరి బయటకు వెళ్లి పదకొండు నెలలు కాపురం ఉన్నారు. మా వాళ్లూ మగ్గం వదిలి వెళ్లారన్నమాట. జనన రిజిస్టరు ముట్టుకోకుండానే ఆ పిల్లవాడి పుట్టుక పదకొండు నెలల లోపలికి వచ్చేసింది.

ఇది అదృష్టం. అందరికీ ఇలా కలిసిరాదు. ఆ పిల్లవాడి తండ్రి, అంటే మా ముత్తాత, నేతపని చేసేవారు. ఆయన జీవితాన్ని కాగితాల మీద పట్టుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది. అందులో రెండేళ్లు తప్పు చోట వెతికాను. మీ ముత్తాత వడ్రంగో కమ్మరో కంసాలో సాలెవారో అయితే, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ డబ్బు, సమయం పోసుకోకూడదో నాకు తెలిసినంతలో చెబుతాను.

ముందుగా ఒక హెచ్చరిక. కుటుంబ చరిత్ర రాసుకోవడం గురించి దొరికే సలహాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండు, అమెరికా వాళ్లవి. వాళ్లు జనాభా లెక్కలతో మొదలుపెట్టమంటారు. ఇంగ్లండులో 1841 నుంచి ఇంటింటి కాగితాలు పేర్లతో సహా మిగిలి ఉన్నాయి. ఫలానా మనిషి చెప్పులు కుట్టేవాడు, ఫలానా వాడు ఇనుప పని చేసేవాడు అని అందులోనే ఉంటుంది. మద్రాసు రాజధానిలో (అంటే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో) 1871లో, దేశమంతటా ఒకేసారి 1881లో జనాభా లెక్కలు తీశారు గానీ, ఆ ఇంటింటి కాగితాలను దాచలేదు. మిగిలినవి పట్టికలే. మీ ముత్తాత ఆ పట్టికల్లో ఉన్నాడు, కాకపోతే "నేతగాళ్లు ఇన్ని వేలు" అనే అంకెలో కలిసిపోయి ఉన్నాడు. కాబట్టి ఆ దారి వదిలేయండి.

ఇంకో సంగతి. మన పాత కాగితాల్లో చాలావాటికి కులం కావాలి, పని అక్కర్లేదు. సాలె అని రాసి ఉన్నంత మాత్రాన ఆ మనిషి నేశాడని కాదు. మిల్లు బట్ట వచ్చాక మగ్గం గుంట పూడ్చేసి కూలికి పోయిన సాలెవారు ఎందరో. ఆచారి అని పేరు చివర ఉన్నంత మాత్రాన ఆయన చేతిలో ఉన్నది ఉలా, సుత్తా, కంసాలి త్రాసా అనేది తేలదు. ఇనుము, కర్ర, కంచు, రాయి, బంగారం అని ఐదు పనులు ఒకే పేరు కింద ఉన్నాయి మరి. అందుకని ఏ రికార్డునైనా నేను ఒకే ప్రశ్నతో తూస్తాను: ఈ కాగితం రాసినవాడు మా ముత్తాతను "నువ్వేం పని చేస్తావు" అని అడిగాడా, లేదా?

ఊరి వడ్రంగి, కమ్మరి అయితే: మాన్యం రిజిస్టరు

ఊళ్లో నాగళ్లు చెక్కి, కర్రులు సాగగొట్టి బతికిన వడ్రంగికి, కమ్మరికి చేతికి డబ్బు వచ్చింది తక్కువ. నూర్పిళ్లప్పుడు కళ్లంలో మేర, అంటే పంటలో వాళ్ల వాటా గింజలు, కొలిచేవారు. కొన్ని ఊళ్లలో దానికి తోడు వడ్రంగి మాన్యం, కమ్మరి మాన్యం అని కొంత భూమి ఉండేది. మీ ఇంట్లో ఎవరైనా "మాన్యం చెక్క" అనే మాట వాడితే, ఇప్పుడు ఆ పొలం చేతిలో లేకపోయినా సరే, అదే మీకు తొలి దారి.

ఇలా సేవకు ఇచ్చిన మాన్యం కూడా సర్కారు భాషలో ఇనామే. మద్రాసు ప్రభుత్వం 1858లో ఇనాం కమిషన్‌ను వేసింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో కమిషన్ వాళ్లు ఏ ఇనాం ఎవరిది, ఎవరిచ్చారు, ఏ సేవకు ఇచ్చారు, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అని ఒక్కొక్క భూమికి ఒక్కొక్క వరుస రాశారు. ఇవే ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు. రెవెన్యూ వాళ్లు, వకీళ్లు ఐ.ఎఫ్.ఆర్. అంటారు. ఒకే వరుసలో మొదట మాన్యం పొందినవాడి పేరు, ఇప్పటి అనుభవదారు పేరు, వయసు, ఇద్దరి మధ్య చుట్టరికం కనిపించవచ్చు. 1860లో యాభై ఏళ్ల వడ్రంగి అంటే 1810 ప్రాంతంలో పుట్టినవాడు. ఆయన తాత పేరు కూడా అక్కడే దొరికితే మీరు 18వ శతాబ్దంలోకి అడుగుపెట్టినట్టే. ఇంత లోతుకు తీసుకువెళ్లే కాగితం చేతిపనివాళ్ల కుటుంబాలకు ఇంకొకటి దాదాపు లేదు.

దీని బలహీనతలు కూడా చెప్పాలి. మాన్యం లేకుండా మేర మీదే బతికినవాళ్లు ఇందులో ఉండరు. ఇంటిపేరు రాయని వరుసలు చాలా ఉంటాయి. వీరబ్రహ్మం కొడుకు బ్రహ్మయ్య, బ్రహ్మయ్య కొడుకు వీరబ్రహ్మం అని మూడు తరాలు అవే పేర్లు తిరుగుతుంటే ఎవరు ఎవరో తేల్చడం కష్టం. జమీందారీ గ్రామాల్లో శాశ్వత సెటిల్మెంటు (జమీందారు కట్టే శిస్తును శాశ్వతంగా ఖాయం చేసిన ఏర్పాటు) తర్వాత జమీందారు ఇచ్చిన మాన్యాలు సాధారణంగా ఇందులోకి రావు. అలాంటి ఊరైతే 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్మెంటు ఫెయిర్ అడంగల్ అనే భూమి రిజిస్టరు దాకా ఆగాలి. అది రెండు మూడు తరాల ముందుకు దూకినట్టు.

ఎక్కడ దొరుకుతాయి? రాష్ట్ర పురాభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్‌లో) అడగాలి, కలెక్టరేటు రికార్డు గదిలో అడగాలి. నా అనుభవంలో త్వరగా దొరికే చోటు మూడోది, వకీళ్ల బీరువాలు. గుడి మాన్యాల తగాదాలు నడిపే వకీలు దగ్గర ఆ చుట్టుపక్కల ఊళ్ల ఐ.ఎఫ్.ఆర్. నకళ్లు గుట్టలుగా పడి ఉంటాయి. దేవుడి మాన్యం కోసం తీసిన నకలులో పక్క వరుస మీ వడ్రంగిది కావచ్చు.

రైతువారీ గ్రామమైతే, అంటే రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఊరైతే, ఆ తర్వాతి తరానికి శిస్తును మళ్లీ నిర్ణయించినప్పుడు రాసిన రీసెట్టిల్మెంటు రిజిస్టరు ఉంది. ఇంగ్లీషు, తెలుగు పక్కపక్కన ఉంటాయి కాబట్టి కొన్నిచోట్ల దాన్ని డైగ్లాట్ అంటారు. ఆంధ్ర ప్రాంతంలో 1956లో ఇనాముల రద్దు చట్టం వచ్చేదాకా మాన్యం అనే మాట కాగితాల్లో నడుస్తూనే ఉంది.

తెలంగాణ వాళ్లకు ఈ దారి వేరు. అక్కడ సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ అనే భూమి రికార్డులు మొదటి మెట్లు. అంతకు ముందువి కావాలంటే హైదరాబాదు తార్నాకలోని పురాభిలేఖాగారం. 1880ల దాకా ఫారసీ, ఆ తర్వాత ఉర్దూ. చదివిపెట్టే మనిషిని ముందే చూసుకుని వెళ్లండి, లేకపోతే కాగితం ఎదురుగా ఉన్నా మీకు కనబడనట్టే. తేదీలు ఆజూర్, దై, బహ్మన్ అనే నెలల్లో ఉంటాయి.

ఫసలీ, అంటే రెవెన్యూ సంవత్సరం, లెక్క గురించి ఒక మాట. రెవెన్యూ కాగితం మీద ఫసలీ 1320 అని ఉంటే 590 కలపండి, 1910 వస్తుంది. మద్రాసు రాజధానిలో ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి అది 1910-11. ఈ చిన్న కూడిక తెలియక ముత్తాతను ఆరు వందల ఏళ్లు వెనక్కి నెట్టిన పెద్దమనిషి ఒకరిని నేను ఎరుగుదును. రెడ్డిరాజుల కాలం నాటి మగ్గం అని అందరికీ చెప్పుకున్నారు.

పట్నంలో సొంత ఇల్లున్న పనివాడైతే: దస్తావేజు

నా ఓటు దీనికే. నేతవారు, కంసాలులు, కంచరివారు, అద్దకం వాళ్లు పేటల్లో గుంపుగా ఉండేవారు. వాళ్లకు మాన్యం ఉండదు. ఒక ఇల్లు, ఒక దొడ్డి, ఒక అప్పు ఉంటాయి. అప్పు ఉన్నచోట కాగితం పుడుతుంది.

రిజిస్ట్రేషన్ చట్టం మన దగ్గర 1860ల మధ్య నుంచి ఉంది. ఇప్పటికీ నడుస్తున్నది 1908 నాటిది. పత్రంలో మనిషిని ఎలా గుర్తించాలో ఆ చట్టమే నిర్వచించింది: ఉండే చోటు, వృత్తి లేదా వ్యాపారం, తండ్రి పేరు, అప్పట్లో కులం కూడా. కులం మాట తర్వాత సవరణలో తీసేశారు. కులాన్నీ పనినీ విడివిడిగా అడిగిన సర్కారు కాగితం చేతిపనివాడి విషయంలో ఇంతకు మించి నాకు దొరకలేదు.

మా ముత్తాత 1913లో రాసిచ్చిన తనఖా పత్రం నకలు ఇలా మొదలవుతుంది: "గుంటూరు జిల్లా బాపట్ల తాలూకా చీరాల గ్రామ కాపురస్తుడు, ఫలానా వారి కుమారుడు, సాలె, నేత జీవనం…" ఈ నాలుగు ముక్కల్లో ఆయన ఊరు, తండ్రి, కులం, పని నాలుగూ వచ్చేశాయి. తర్వాతి వాక్యం చదివాక నేను కాసేపు ఆ బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. "మీ వద్ద ఇదివరలో నూలు తెచ్చుకున్న బాకీ నిమిత్తం" నూట ఇరవై రూపాయలకు ఇల్లు తనఖా పెట్టారు. ఇంట్లో మేము విన్న కథ ప్రకారం ఆయన ఇరవై మగ్గాల ఆసామి. కాగితం ప్రకారం నూలు అప్పు తెచ్చుకుని నేసిన మనిషి. ఇరవై మగ్గాలు అప్పు ఇచ్చిన వ్యాపారివి అయివుండాలి.

ఇంకా కిందికి వెళ్తే హద్దులు. తూర్పు ఒకరి ఇల్లు, దక్షిణం వీధి, పడమర ఇంకొకరి గోడ, ఉత్తరం "మా మగ్గపు పాక, దొడ్డి". మగ్గాలు ఇంట్లో కాదు, వెనుక పాకలో ఉండేవని అప్పుడు తెలిసింది. పడమటి గోడ పేరు, సాక్షి సంతకం పేరు ఒకటే. పెద్దవాళ్లను అడిగితే ఆ ఇంటిపేరు మా ముత్తవ్వ పుట్టింటిదని తేలింది. అంటే సాక్షి ఆయన బావమరిది. ఆడవాళ్ల పుట్టింటి జాడ పట్టుకోవడానికి సాక్షుల పేర్లు, హద్దుల పేర్లు చదవడాన్ని మించిన ఉపాయం నాకు తెలియదు. చివర్లో "వ్రాలు" అని ఉందో, "నిశాని" అని ఉందో కూడా చూడండి. వ్రాలు అయితే సంతకం చేయగలిగినవాడు, నిశాని అయితే గుర్తు పెట్టినవాడు. మా ఆయనది వ్రాలు.

వెతికే పద్ధతి తెలుసుకుని వెళ్లాలి. సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో స్థిరాస్తి పత్రాలు మొదటి పుస్తకంలో ఉంటాయి. దానికి పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక ఒకటి. రుసుము కడితే ఆ పుస్తకాన్నీ సూచికలనూ ఎవరైనా చూడవచ్చని చట్టమే చెబుతోంది. వీలునామాలు మూడో పుస్తకం. రాసినవాడు చనిపోయాక వాటి నకలు ఎవరు అడిగినా ఇవ్వాలి. మగ్గాలు, పనిముట్లు, సరుకు లాంటి చరాస్తి మీద రాసుకున్న పత్రాలు నాలుగో పుస్తకంలోకి వెళ్తాయి. అవి కావాలంటే పత్రం రాసినవారో, దాని కింద హక్కున్నవారో, వాళ్ల ప్రతినిధులో అయివుండాలి. కాబట్టి వారసుడినని చూపించే కాగితం వెంట తీసుకువెళ్లండి. ఆన్‌లైన్‌లో తీసే ఈసీని (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రాన్ని) నమ్ముకోకండి. కంప్యూటర్‌లోకి ఎక్కింది 1980ల నుంచి ఉన్న సరుకు.

నేను మొదటిసారి వెళ్లిన కార్యాలయంలో "అవి చెదలు తినేశాయండీ" అన్నారు. తిరిగి వచ్చేశాను. ఏడాది తర్వాత ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ పుస్తకం, ఏ సూచిక అని కాగితం మీద రాసుకుని వెళ్తే అదే గదిలో, అదే బీరువాలో ఉంది. చెదలు మధ్యలో పశ్చాత్తాపపడి ఉండాలి.

జిల్లాల మార్పులు కూడా గుర్తుంచుకోవాలి. చీరాల 1904 దాకా కృష్ణా జిల్లాలో ఉంది. తర్వాత గుంటూరు, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పురాభిలేఖాగారంలో 1890 నాటి కాగితం ప్రకాశం పేరుతో అడిగితే లేదనే అంటారు, వాళ్లు చెప్పింది నిజమే. అలాగే ఒక సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాన్ని విడదీసి కొత్తది పెట్టినప్పుడు పాత పుస్తకాలు పాత కార్యాలయంలోనే ఉండిపోతాయి. మీ ఊరికి ఇప్పుడు ఏది దగ్గర అని కాదు, అప్పుడు ఏది అని అడగండి.

దస్తావేజుకు ఉన్న లోపం ఒక్కటే, ఆస్తి లేనివాడు అందులో ఉండడు. అద్దె పాకలో మగ్గం పెట్టుకున్నవాడు, ఇంకొకరి కొలిమిలో సుత్తి కొట్టినవాడు దీనికి చిక్కరు.

సముద్రం దాటి వెళ్లినవాడైతే: ఓడ పట్టిక

దక్షిణాఫ్రికా, మారిషస్, ఫిజీలలో ఉన్న తెలుగువారికి ఇది మొదటి మెట్టు. ఇక్కడ ఉన్నవారికి "మా ముత్తాత తమ్ముడు ఓడెక్కి పోయాడు, మళ్లీ రాలేదు" అనే కథకు కొసమెరుపు. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా లక్షా యాభై వేలకు పైగా మనుషులు నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు, ఎత్తు. మచ్చ దాకా రాశారు. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. 1860ల నుంచి తీసిన ఫోటోలు కూడా వాటిలో ఉన్నాయి. మీ ముత్తాత తమ్ముడి ముఖం చూడగలిగే ఒకే ఒక అవకాశం అక్కడ ఉండవచ్చు.

కానీ నా తూకంలో ఇది దస్తావేజుకు కింద. ఎందుకంటే నేటాల్ పట్టికలో కులం గడి ఉంది, పని గడి లేదు. చేనులో చెరకు నరకడానికి తీసుకువెళ్లేవాడు మగ్గం గురించి ఎందుకు అడుగుతాడు? కొన్నిచోట్ల కులం గడిలో "జెంటూ" అని రాసి ఊరుకున్నారు. అది అప్పటి దొరల భాషలో తెలుగువాడు అనే మాట, అంతకు మించి ఏమీ తెలియదు. పేర్లు కూడా గుమాస్తా చెవికి వినిపించినట్టు పడ్డాయి. విశాఖ వైపు అప్పలస్వామి అక్కడ అప్పల్‌సామీ అయి, మనవడి కాలానికి ఇంటిపేరైపోయింది. అసలు ఇంటిపేరు ఓడ ఎక్కినప్పుడే పోయింది.

అయినా ఊరి పేరు, తాలూకా పేరు దొరుకుతాయి కదా. విదేశంలో ఉన్నవారు ఓడ పట్టికలో ఊరు పట్టుకుని, ఆ ఊరి ఐ.ఎఫ్.ఆర్.లో వెళ్లినవాడి అన్నగారి పేరు వెతకాలి. ఈ రెండూ జతపడితే తప్ప పని తేలదు.

రంగూన్ వెళ్లినవారి కోసం ఇలాంటి పట్టికలు వెతకకండి. 1937 దాకా బర్మా బ్రిటిష్ ఇండియాలో భాగమే. కాకినాడలో ఓడెక్కడం ఇంకో జిల్లాకు పోవడంతో సమానం.

20వ శతాబ్దం వాళ్లకు సులువు

తాత, ముత్తాత 1900 తర్వాత పనిచేసినవారైతే వృత్తినే కాగితం మీద పెట్టిన రికార్డులు కొన్ని ఉన్నాయి. నేతవారికి సహకార సంఘం. 1912 చట్టం తర్వాత చేనేత సంఘాలకు వీలు కలిగింది. మద్రాసు రాజధాని స్థాయి చేనేత సంఘం 1935లో వచ్చింది. ఊరి సంఘంలో సభ్యుల రిజిస్టరు మిగిలి ఉంటే వాటా ఎంత, మగ్గాలు ఎన్ని, ఎప్పుడు చేరాడు అనేవి కనబడతాయి. సంఘం మూతపడినా పాత కార్యదర్శి ఇంట్లో అట్టపెట్టె ఉంటుంది. ముందు అక్కడికి వెళ్లండి.

కంసాలులకు ఇంకా గట్టి ఆధారం ఉంది. 1963లో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. పద్నాలుగు క్యారెట్లకు మించి నగ చేయకూడదన్నారు. పనివాళ్ల పొయ్యిలు ఆరిపోయాయి. 1968 చట్టం కింద సర్టిఫైడ్ గోల్డ్‌స్మిత్ అని సర్కారు పత్రం తీసుకోవలసి వచ్చింది. 1990లో ఆ చట్టం పోయింది గానీ, ఆ పత్రాన్ని త్రాసు పెట్టెలో దాచుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. మీ తాత కంసాలి అయితే ఆఫీసుల చుట్టూ తిరిగే ముందు అటక దించండి.

బడి ప్రవేశ రిజిస్టరు గురించి క్లుప్తంగా: తండ్రి వృత్తి గడి ఉంటుంది, నమ్మవచ్చు. పుట్టినతేదీ గడి ఉంటుంది, నమ్మకండి. జూలై 1న పుట్టినవాళ్లతో మన దేశం నిండి ఉంది.

క్రైస్తవ కుటుంబాలైతే బాప్తిస్మ రిజిస్టరును వదలకూడదు. ఆంగ్లికన్ చర్చిల ముద్రిత ఫారంలో తండ్రి వృత్తికి ప్రత్యేకంగా గడి ఉంది. మిగతా మిషన్ల రిజిస్టర్లు అన్నీ అలా ఉండవు. ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1878లో ఒకే రోజు రెండు వేల మందికి పైగా బాప్తిస్మం ఇచ్చింది. ఆ రోజు ఎవరిని ఏ పని అని అడిగే తీరిక ఉంటుంది?

కాగితంలో లేనివాడికి: రుంజవారు, కూనపులివారు, గయ పండాలు

భూమి లేదు, ఇల్లు లేదు, ఓడెక్కలేదు. అలాంటివారే ఎక్కువమంది. వాళ్లకు నోటి మాటే దిక్కు. మనలో ఒక ఏర్పాటు ఉంది: విశ్వబ్రాహ్మణులకు రుంజవారు, పద్మశాలీలకు కూనపులివారు, సాధనాశూరులు. రుంజ వాయిస్తూ విశ్వకర్మ పురాణం చెప్పేవారు, పటం విప్పి మార్కండేయ, భావనారుషుల కథ చెప్పేవారు ఊళ్లను పంచుకుని తిరుగుతారు. ఏ ఊళ్లో ఎన్ని గడపలు, ఏ ఇంటిపేరు ఎక్కడి నుంచి కదిలి వచ్చింది అనేది వాళ్లకు బతుకుతెరువుతో ముడిపడిన జ్ఞానం. సిద్దిపేట జిల్లా చేర్యాల పటాలను ఇప్పుడు గోడకు అలంకారంగా కొంటున్నారు. అసలు అవి ఇలాంటి కథకుల కోసం గీసినవి.

వాళ్లు చెప్పే గోత్రాన్ని, వలస దారిని నమ్ముతాను. ఏ ఇంటిపేరు ఏ ఊరి నుంచి వచ్చిందో చాలాసార్లు సరిగ్గానే చెబుతారు. సంవత్సరాలను నమ్మను. పొగడ్తను అసలు నమ్మను. కట్నం ఇచ్చేవాడి పూర్వీకుడు వాళ్ల నోట ఎప్పుడూ దాతే.

గయ పండాల బహీలు, అంటే అక్కడి తీర్థపురోహితులు యాత్రికుల వివరాలు రాసిపెట్టే పుస్తకాలు, దీనికి భిన్నం. అక్కడ పిండం పెట్టినవాడు తన ఊరు, తండ్రి తాతల పేర్లు చెప్పి రాయిస్తాడు. కాబట్టి వంశక్రమం గట్టిది. కానీ చేతిపనివాళ్లలో గయ దాకా పోగలిగినవాళ్లు ఎప్పుడు మొదలయ్యారు? గోదావరి మీద రైలు వంతెన 1900లో పూర్తయ్యాకే కోస్తావాళ్లకు హౌరా వైపు దారి సులువైంది. అంతకు ముందు మగ్గం ఆపి ఆరు నెలలు నడవగల నేతగాడు అరుదు. మీ ఇంట్లో "తాతగారు కాశీ చెంబు తెచ్చారు" అనే మాట ఉంటే వెళ్లండి. లేకపోతే గయ ప్రయాణం పుణ్యానికే.

రెంటిలో ఒకటి ఎంచుకోమంటే నేను కథకుల వైపే. వాళ్లు వయసు మళ్లుతున్నారు, పిల్లలు ఆ పని నేర్వడం లేదు. బహీ ఎక్కడికీ పోదు.

డబ్బు పెట్టకూడని చోట్లు

డీఎన్ఏ పరీక్షకు ఉమ్మి పంపి పనితనం తెలుసుకోలేరు. పైగా తరతరాలుగా కులంలోపలే పెళ్లిళ్లు చేసుకున్నవాళ్లకు అది దూరపు వాళ్లను కూడా దగ్గర దాయాదులుగా చూపిస్తుంది. ఓడెక్కిన కుటుంబాల వారసులకు కొంత పనికొస్తుంది, మిగతావారికి సరదా. చందా కట్టే విదేశీ సైట్లలో ఇండియా పేరుతో ఉన్నవి ఎక్కువగా ఇక్కడ ఉద్యోగం చేసిన దొరల కుటుంబాల రికార్డులు. ఫ్యామిలీసెర్చ్ ఉచితం, కాబట్టి చూసి రండి. జాతీయ పురాభిలేఖాగారం వారి అభిలేఖ్ పటల్ కూడా ఉచితమే.

మోతర్ఫా అనే పేరు వినగానే కొందరు ఉత్సాహపడతారు. మగ్గానికి ఇంత అని వేసిన పాత పన్ను అది, 1860ల మొదట్లో ఎత్తేశారు. నేను చూసినంతలో ఊరికి ఇన్ని మగ్గాలు అనే మొత్తాలే కనబడ్డాయి, పేర్లు కాదు. కంపెనీ దొర మెకంజీ ఊరూరా సేకరించిన స్థానిక చరిత్రలు, అంటే కైఫీయతులూ అంతే. ఊరి కథకు బంగారం, మీ ఇంటి కథకు పెద్దగా ఏమీ లేదు. గోదావరి జిల్లాల్లో ఈస్టిండియా కంపెనీ బట్టలు కొన్న ఇంజరం, మాదపొల్లం ఫ్యాక్టరీల లెక్కలు చదవడం మొదలుపెడితే బయటకు రాలేరు. నేను ఒక చలికాలం పోగొట్టుకున్నాను, ఒక్క మా వాడు కూడా తగల్లేదు.

ఎవరు ఎక్కడ మొదలుపెట్టాలి

చేతిలో రెండు రోజుల సెలవే ఉంటే మొదటి రోజు ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర, అటక మీద గడపండి. రెండో రోజు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం. పల్లెటూరి పనివాళ్లైతే రెండో రోజు వకీలు ఇల్లు. మీరు విదేశంలో ఉండి రాలేకపోతే, ఇక్కడి బంధువు ఒకరికి పేరు, ఊరు, పదేళ్ల వ్యవధి రాసి పంపండి. "మా ముత్తాత వివరాలు కనుక్కోండి" అని రాస్తే ఎవరూ కదలరు. "1905 నుంచి 1915 లోపు, మొదటి పుస్తకం, పేర్ల సూచిక, ఈ ఇంటిపేరు" అని రాస్తే గంట పని.

సంవత్సరం తెలియనివారు ముందు రామనగరం లాంటి మాట కోసం ఇంట్లో వెతకండి. తుఫాను, కరువు, ఊరు కాలడం, రైలు మొదటిసారి రావడం, ఏదో ఒకదానికి ఎవరో ఒకరి పుట్టుకనో పెళ్లినో ముడివేసి ఉంటారు. ఆ ఒక్క సంవత్సరం దొరికితే సూచికలో వెతికే పుటలు పదోవంతుకు తగ్గిపోతాయి.

నాకు ఇంకా నాలుగో పుస్తకం మిగిలి ఉంది. మగ్గాలు కూడా తనఖా పెట్టారేమో చూడాలి. తనఖా బాకీ తీరితే అప్పిచ్చినవాడు అసలు పత్రం వెనుక చెల్లు రాసి తిరిగి ఇచ్చేస్తాడు. 1913 పత్రం నకలు నేను ఆఫీసులో తీసుకున్నది. అసలు మా ఇంటి పెట్టెలో లేదు. నూలు వ్యాపారి మనవలు గుంటూరులో ఉన్నారని విన్నాను. వచ్చే నెల వెళ్తున్నాను.